రెక్క కోణం: రైట్ సోదరుల నుంచి 737 మ్యాక్స్ దాకా

విమానాన్ని పైకి లేపే బలం, రెక్కకూ ఎదురుగాలికీ మధ్య ఉండే కోణాన్ని బట్టి మారుతుంది. కోణం పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది; హద్దు దాటితే మాత్రం రెక్క మీది గాలి చెదిరి విమానం పట్టు తప్పుతుంది.

అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడిపిన రైట్ సోదరుల గ్లైడర్లు 1900, 1901లలో లెక్కల ప్రకారం లేవాల్సినంత లేవలేదు. అందరూ వాడుతున్న గాలి ఒత్తిడి గుణకం 0.005 తప్పనీ, అది 0.0033 దగ్గర ఉంటుందనీ వారు తేల్చారు. తర్వాత ఆరడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ కట్టుకున్నారు. రంపపు బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వలతో త్రాసు చేసి, అరచేతిలో ఇమిడే రేకు రెక్కలను కోణం మారుస్తూ తూచారు. అలా పరీక్షించిన ఆకారాలు సుమారు 200. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గర వారి విమానం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరింది. దాని ఇంజను శక్తి 12 హార్స్‌పవరే. గెలిపించింది ఇంజను కాదు, ఆ కొలతలు.

1916లో సియాటిల్‌లో పుట్టిన విమాన తయారీ సంస్థ బోయింగ్‌కూ సరిచూసుకునే ఈ పట్టుదల ఉండేది. 1935లో దాని బాంబర్ నమూనా కూలింది. గాలికి కదలకుండా తోక భాగాలకు వేసిన తాళం తీయకుండానే పైలట్లు విమానాన్ని లేపారు. ఆ ప్రమాదం తర్వాతే పైలట్లకు చెక్‌లిస్టు వచ్చింది. 707, 747 విమానాలతో ఆ సంస్థ ప్రపంచ ప్రయాణాన్నే మార్చేసింది.

1997లో మెక్‌డొనెల్ డగ్లస్‌ను కలుపుకున్నాక ఇంజనీర్ల మాట కన్నా ఖర్చుల లెక్కకు బలం పెరిగిందని చాలామంది విశ్లేషకుల అభిప్రాయం. 2001లో ప్రధాన కార్యాలయం కర్మాగారాలకు దూరంగా షికాగోకు తరలింది. ఎయిర్‌బస్ పోటీని తట్టుకోవడానికి 2011లో పాత 737కే పెద్ద ఇంజన్లు బిగించి 737 మ్యాక్స్‌గా తేవాలని సంస్థ నిర్ణయించింది. అవి ముందుకీ పైకీ జరగడంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే స్వభావం పెరిగింది. దాన్ని సరిదిద్దేందుకు ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. రెక్క కోణం కొలిచే సెన్సర్లు రెండున్నా అది ఒక్కదాన్నే నమ్మేది. పైలట్ల మాన్యువల్లో దాని వివరణే లేదు. తప్పుడు కొలత అందగానే అది ముక్కును పదేపదే కిందికి నొక్కింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో మ్యాక్స్ విమానాలు కూలి, మొత్తం 346 మంది చనిపోయారు. రైట్ సోదరులు అంత ఓపికగా తూచిన కోణం విషయంలోనే, రెండో సెన్సర్‌తో సరిచూసుకోకపోవడం క్షమించరాని లోపం.

ఆ ప్రమాదాల తర్వాత నిలిపివేసిన మ్యాక్స్ విమానాలు మళ్లీ ఎగిరేనాటికి రెండు సెన్సర్లనూ పోల్చేలా ఎంకాస్‌ను మార్చారు. తనిఖీలో సడలింపు మాత్రం అంతటితో ఆగలేదు. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్ విమానం నుంచి తలుపు స్థానంలోని ప్యానెల్ గాలిలోనే ఊడిపోయింది. కర్మాగారంలో మరమ్మతు కోసం దాన్ని తెరిచాక నాలుగు బోల్టులను తిరిగి బిగించలేదు. తెరిచినట్టు రికార్డు కూడా లేదు.