జీవించియున్న చేపకు ఛాయాచిత్రము

చేప వన్నె దాని ప్రాణముతోనే పోవును. మన చెరువులలో దొరకు పరక అను చిన్న చేపను చూడుడు. గ్రుడ్లు పెట్టు కాలమున మగపరక ప్రక్కలయందు ఎర్రని చార మెరయుచుండును. చనిపోయినపిదప దానిని సారాయములో నిలువచేసినచో ఆ యెరుపు కరగిపోవును. తోక మొదటనున్న నల్లచుక్క మాత్రము మిగులును. నలుపు నిచ్చు పదార్థము సారాయమున కరగకపోవుటయే ఇందులకు కారణము.

1780వ దశకములో విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి చేపలకు బొమ్మలు గీయించి, రెండువందల చేపలను వర్ణించు గ్రంథమును 1803లో లండనులో ప్రకటించెను. స్థానికముగా వాడుకలోనున్న పేళ్లను కూడ అందు చేర్చుట మెచ్చదగిన పని. అయినను చిత్రకారుని చేయి ఎంత వడిగా నడచినను, చేప వన్నె అంతకంటె వడిగా మారును. కెమెరా ఈ కొరతను తీర్చినది. కాని అందులకు చేప బ్రతికియుండవలెను.

హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పేటల చెంత సరూర్‌నగర్ చెరువు కలదు. ఇది 1626లో నిర్మింపబడినది. చుట్టును ఇండ్లు పెరిగి మురుగు చేరుటచే దాని నీరు చెడినది. అట్టి నీటిలో చేప కంటికి కానరాదు. కావున జాలరుల నడిగి రెండు మూడు చిన్న చేపలను మూతగల బాల్చీలో, చెరువు నీటితోనే ఇంటికి తెచ్చుకొనవలెను. కుళాయినీటిలోని క్లోరిను చేపలకు విషము. ఆ నీటిని ఒకదినము వెడల్పైన పాత్రలో నిలువయుంచి, పిదప బాల్చీలోనికి కొంచెము కొంచెముగా కలుపుచు అలవాటు చేయవలెను.

చిత్రమునకు ఇరుకైన గాజుతొట్టి మేలు. లోపల మరియొక గాజుపలకను నిలిపినచో చేప ముందరి గాజునకు దగ్గరగా నుండును. అయితే అది తిరుగుటకు చోటుండవలెను. కెమెరాను గాజునకు ఎదురుగా, ఏటవాలు లేకుండ నిలుపవలెను. ఓరగా చూచినచో కాంతి వంగి ఆకారము వికృతమగును. దీపమును కెమెరా ప్రక్కన గాక తొట్టిపైన నుంచవలెను. లేనిచో గాజు మెరయును. పొలుసులు అద్దమువలె తళుక్కుమనును. తీయువాని ముఖము గాజులో ప్రతిఫలింపకుండ నల్లని గుడ్డకు రంధ్రము చేసి, దాని గుండ చిత్రము తీయుదురు. దృష్టి కంటిపై నిలుపవలెను. కన్ను మసకైన చిత్రము ఎందులకును పనికిరాదు.

ఇన్ని చేసినను తొందరపడినవానికి రంగు దక్కదు. బెదరిన చేప చర్మమందలి రంగుకణములలో వర్ణద్రవ్యము ఒకచోటికి ముడుచుకొనుటచే అది పాలిపోవును. తెల్లని ఇసుకపై నుంచినను అంతే. నల్లని అడుగు పరచి, అలికిడి లేకుండ గంటలకొలది వేచియుండవలెను. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చును; గంతులు వేయుటలోను నేర్పరి. దానికై నీటిపైన ఖాళీ విడిచి తొట్టికి మూత వేయవలెను.

చిత్రముతో తేదిని, చోటును, జాలరులు చెప్పిన పేరును వ్రాసియుంచవలెను. చేపను తెచ్చిన చెరువులోనే విడువవలెను. అంగడినుండి కొన్న చేపలతో కలిపి పెంచినదానిని మాత్రము విడువరాదు. రోగములు చెరువున కంటుకొనును. అంగడి చేపలను విడుచుట మరియు అనర్థము. దక్షిణ అమెరికానుండి అలంకారమునకై తేబడిన ఒక గట్టి పెంకు చేప నేడు కృష్ణానదిలో వలలను చించుచున్నది. జాలరులు దానిని దెయ్యపు చేప అని పిలుచుచున్నారు.