పాత కుట్టుమిషను: కదలని చక్రము

మాకు తెలిసిన యొక గృహిణి పాతసామానుల దుకాణములో కాలితో త్రొక్కెడి నల్లని సింగరు కుట్టుమిషను కొనెను. వీధిలోని వారికి రవికెలు, పిల్లలకు గౌనులు కుట్టి కుమార్తె కళాశాల జీతము కట్టవలెనని ఆమె యుద్దేశము. ఇంటికి తెచ్చి చూడగా చక్రము కదలదు. పిలిపించిన మరమ్మతుదారు అరనిమిషము పరికించి, “లోపలి ఇరుసు అరిగిపోయినదమ్మా, తల మార్చవలసినదే” అని, మిషను కొన్న వెలకంటె హెచ్చు వెల చెప్పెను. ఇరుసు అరిగినచో చక్రము వదులై ఊగవలెను గాని బిగిసికొనిపోవుట యేమి? ఈ ప్రశ్న ఆమెకు తోచుటవలన ఆ తల మిగిలినది.

పాతమిషను బిగిసికొనుటకు సాధారణముగా అరుగుదల కారణము కాదు, ఎండిన నూనె కారణము. మన యిండ్లలో మిషను కిర్రుమనగానే వంటయింటిలో చేతికందిన నూనె పోయుట అలవాటు. ఆ పూటకు మిషను నెమ్మదిగా నడచును. చిక్కు తరువాత వచ్చును. గింజలనుండి తీసిన నూనెలలో పెక్కు గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని క్రమముగా చిక్కబడును. ఈ గుణమున అవిసెనూనె ముందున్నది, కనుకనే దానిని రంగులలో కలుపుదురు. తలుపునకు పూసిన అట్టి రంగు ఆరుట యనగా నీరు ఇగిరినట్లు ఇగురుట కాదు, నూనెయే గట్టి పొరగా మారుట. నువ్వులనూనె అంత త్వరగా ఆరదు గాని, ఇరుకు సందులలో పలుచని పొరగా ఏండ్ల తరబడి నిలిచినచో అదియు బంకయగును. కొబ్బరినూనె తీరు వేరు. అది ఆరదు, కాని సుమారు 24 డిగ్రీల వద్దనే పేరుకొనును. పుష్యమాసపు ఉదయమున సీసాను చూచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆముదము మిషనులోని సన్నని సందులకు మిక్కిలి చిక్కన. దుమ్మును, నూలుపొట్టును పట్టి యుంచును. బజారులో మిషను నూనె యని అమ్మెడిది ఖనిజతైలము. అది పలుచనిది, దాదాపు రంగులేనిది, ఇంత సులభముగా జిగట కట్టనిది.

మొదట తోలుబెల్టు తీసి చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. తల తిరుగుచున్నచో దోషము క్రింది త్రొక్కుడు భాగములో నున్నదన్నమాట. చక్రము తిరిగియు సూది కదలనిచో భయపడనక్కరలేదు: చక్రము నడుమనున్న బిగింపు గుండీ వదులైయుండును. బాబినుకు దారము చుట్టునపుడు దానిని వదులుచేసి, మరల బిగించుట మరచిన మిషనును “పాడైనది” అని అమ్మివేసినవారు కూడ ఉందురు.

తరువాత సూది, పాదము, సూదిక్రింది పలక, బాబిన్ కేసు ఊడదీయవలెను. తీసిన స్క్రూలను తీసిన వరుసలోనే తెల్లగుడ్డపై పేర్చినచో మరల బిగించునపుడు తబ్బిబ్బు ఉండదు. బట్టను ముందునకు నడపెడి పళ్లక్రింద నూలుపొట్టు నూనెతో కలిసి కంబళిముక్కవలె గట్టిపడియుండును. దానిని సూదిమొనతోను కుంచెతోను తీయవలెను. ఊదరాదు, ఊదిన పొట్టు మరింత లోనికి పోవును. షటిల్ తిరుగు తావున చిక్కుకొన్న ఒక్క దారపుపోగు చాలును, చక్రము మొత్తము ఆగిపోవుటకు. మాయెరుకలోని మిషనులో గులాబిరంగు పోగొకటి అచ్చట ఎన్నియేండ్లనుండియో చుట్టుకొనియున్నది.

అప్పటికిని తిరుగనిచో కిరసనాయిలు పని. నేడది చౌకదుకాణములలో దొరకుట అరుదు. దొరకనిచో మిషను నూనెయే హెచ్చుగా వేసి నాలుగైదు దినములు వేచియుండవచ్చును. ప్రతి నూనెరంధ్రమునను, లోహము లోహమును రాచుకొను ప్రతి తావునను రెండేసి చుక్కలు వేసి, గంటసేపు ఎండలో నుంచి, చక్రమును వెనుకకు ముందునకు వ్రేలెడు మేర మాత్రము ఊపవలెను. దీపము, పొయ్యి దరిదాపుల నుండరాదు. విద్యుత్తు మోటారు గల మిషనయినచో ముందు తీగె ఊడదీయవలెను. మోటారులో చుక్కయు పడరాదు. చక్రమునకు కఱ్ఱ తగిలించి బలముగా త్రిప్పుట, సుత్తితో తట్టుట వలదు. పోతయినుము వంగదు, పగులును. పై మెరుగును స్పిరిటుతో తుడువరాదు. పాతమిషనుల బంగారు చిత్రములపై లక్కమెరుగు ఉండును, స్పిరిటు దానిని కరగించును.

పైన చెప్పిన యింట మొదటినాడు చక్రము కదలలేదు. రెండవనాడు అంగుళము కదలెను. గోధుమరంగు జిడ్డు రంధ్రములనుండి వెలికి వచ్చెను. మూడవనాటి సాయంకాలము చక్రము పూర్తిగా ఒక చుట్టు తిరిగెను.

ఇచ్చట పలువురు తొందరపడుదురు. కిరసనాయిలు జిడ్డును కరగించునే గాని ఇరుసును కాపాడదు; అది యావిరియైన పిదప లోహము వట్టిదై మిగులును. కనుక జిడ్డు తుడిచి, వెంటనే ప్రతి రంధ్రమునను మిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేయవలెను. టెన్షను బిళ్లలకు, బెల్టునకు, బాబిను చుట్టెడి రబ్బరుచక్రమునకు నూనె తగులరాదు; అవి పట్టుకొని పనిచేయునవి, జారి పనిచేయునవి కావు. త్రొక్కుడుపలక రెండు కొనలను, దానిని పెద్దచక్రముతో కలుపు కడ్డీని మరువరాదు. మంచి మిషను బరువుగా త్రొక్కవలసివచ్చుటకు కారణము తరచు అచ్చటనే యుండును.

ధ్వనితో బ్రదుకువారము గనుక మాదొక మాట. మిషను నడచునపుడు బొమ్మను చూడక శబ్దమును వినుడు. కిరకిర యన్నచో ఎచ్చటనో నూనె చేరలేదు. టకటక యన్నచో ఏదియో వదులైనది. మొద్దుగా వినిపించినచో పళ్లక్రింద పొట్టు ఇంకను మిగిలియున్నది.

స్కాట్లండులో క్లైడ్‌బాంక్ నగరమునందలి సింగరు కర్మాగారము 1980లో మూతపడినది. అయినను సింగరు 15వ తరగతి నమూనాను ఉషా మొదలగు మిషనులు అనుసరించుటవలన, ఆ తరగతి మిషనుకు బాబిన్ కేసు, సూది వంటివి నేటికిని బజారులో దొరకును. పడవ ఆకారపు షటిల్ గల మిషనులకు మాత్రము వెదకవలసియుండును. కొనుటకు ముందు సూదిపలక ప్రక్కనున్న జారుడుమూత తెరచి చూచుట మేలు.

నూనె వేసిన రాత్రి పాదముక్రింద పాతగుడ్డ మడిచి యుంచవలెను. ఉదయమున దారము లేకయే గుడ్డపేలికపై కొంతసేపు నడపినచో మిగులునూనె దానికంటుకొనును. మా గృహిణి యీ పని చేయక తొలిదినముననే పొరుగువారి తెల్లరవికె కుట్టెను. మరక పోలేదు, క్రొత్తగుడ్డ తానే కొని కుట్టి యిచ్చెను.