బటన్ నొక్కితే గర్జించే కారు: ఎగ్జాస్ట్ కటౌట్ పెట్టించే ముందు ఇంటి పెద్దలూ తెలుసుకోవాలి

బొబ్బిలి: ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తుంది. చూడ్డానికి చిన్న స్టీలు గొట్టం, దాని పక్కన ఒక మోటారు, చేతిలో రిమోట్. పేరు ఎలక్ట్రిక్ ఎగ్జాస్ట్ కటౌట్. రీల్స్ చూసిన కుర్రాళ్లు "అబ్బా, బటన్ నొక్కితే సౌండ్ వస్తుంది, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది, అంతే" అంటారు. ఆర్సీ తన పేరున ఉన్న అబ్బాకి మాత్రం అది దేనికో, పెడితే ఏమవుతుందో తెలియదు.

ఇంజన్‌లో కాలిన పొగ ముందు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, తర్వాత సైలెన్సర్‌లోకి వెళ్లి వెనక గొట్టం నుంచి బయటికొస్తుంది. విషవాయువులను తగ్గించేది కన్వర్టర్, శబ్దాన్ని మింగేది సైలెన్సర్. కటౌట్ అంటే సైలెన్సర్‌కు ముందే గొట్టానికి పెట్టే పక్కదారి. అందులో గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. మోటారు దాన్ని తెరిస్తే పొగ సైలెన్సర్ దాకా పోకుండా అక్కడే బయటపడుతుంది. అమెరికాలో డ్రాగ్ రేసులు ఆడేవాళ్ల దగ్గర ఇది పాత అలవాటే. క్యూటీపీ, డీఎంహెచ్, బ్యాడ్‌లాన్జ్ లాంటి కంపెనీలు వాళ్ల కోసమే వీటిని తయారుచేస్తాయి.

మరి పవర్ పెరుగుతుందా? పెద్ద ఇంజన్, టర్బో, ట్యూనింగ్ చేయించిన కారైతే పొగ అడ్డు లేకుండా పోవడం వల్ల కొంత లాభం ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో పెరిగేది దాదాపు శబ్దమే. చెవికి వేగంగా అనిపిస్తుంది, స్పీడోమీటర్‌లో తేడా కనిపించదు. డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకుంటే సగం మంది ఆగిపోతారు.

ట్రాక్ మీదే నడిపే కారుకు పెట్టించేవాళ్లు ముందు సైజు చూసుకోవాలి. గొట్టం బయటి కొలత ఎంతో కటౌట్ కూడా అంతే ఉండాలి. పెద్దది తెచ్చి అతుకులు వేయిస్తే లీకులు తప్పవు. స్టెయిన్‌లెస్ స్టీలైతే వానాకాలం బురదకు తట్టుకుంటుంది, మామూలు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పెట్టాల్సిన చోటు కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ దాటాక, సైలెన్సర్‌కు ముందు. కన్వర్టర్‌కు ముందే కోస్తే విషవాయువు వడపోత లేకుండా బయటికి వస్తుంది, ఇంజన్ లైటు కూడా వెలగొచ్చు. పెట్రోల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్ల వైపు పొగ కొట్టకూడదు. మోటారు కిందికి వేలాడితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే పోతుంది కాబట్టి పైకో పక్కకో తిప్పి బిగించాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు తీయాలి, లేకపోతే ఈసీయూ దెబ్బతినే ప్రమాదం ఉంది. మోటారు కరెంటుకు విడిగా ఫ్యూజు ఉండాలి. చివరగా తలుపు మూసి ఇంజన్ స్టార్ట్ చేసి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే లీకు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. గొట్టం వేడెక్కకముందే ఈ పని చేసేయాలి.

ఈ లీకును తేలిగ్గా తీసుకోకూడదు. కారు కింద మధ్యలో బయటికొచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. అది కారు లోపలికి చేరితే ముందు వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకే తలనొప్పి, మత్తు వస్తాయి. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో ఉంచితే ప్రాణానికే ముప్పు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఓనర్‌పై 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. వీటితో పాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత. నడిపినవాడికే కాదు, నడపనిచ్చినవాడికీ ఈ సెక్షన్ వర్తిస్తుంది. డ్రైవింగ్ మీదే బతికే ఇంట్లో తండ్రి లైసెన్సు 3 నెలలు పోతే పూట గడవదు. కొడుకు మైనరైతే 199ఏ సెక్షన్ ఉంది: తల్లిదండ్రులకో ఓనర్‌కో 25,000 జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా" అనేది షెడ్డుల్లో వినిపించే జవాబు. ఆ పరీక్ష పొగను కొలుస్తుంది, శబ్దాన్ని కాదు. "దుబాయ్‌లో అందరూ పెట్టుకుంటారు" అనేది ఇంకోటి. అక్కడ శబ్దం చేసే కారుకు 2,000 దిర్హములు ఫైన్, 12 బ్లాక్ పాయింట్లు. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు మార్చిన బైకు సైలెన్సర్లను కుప్పపోసి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ల మధ్య రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. మస్జిద్ మైకు విషయంలో కమిటీలు జాగ్రత్త పడేది కూడా ఈ నిబంధనల వల్లే. పెద్దలు మైకు సౌండ్ తగ్గించుకుంటుంటే, రమజాన్‌లో తరావీహ్ అయ్యాక కుర్రాళ్లు మొహల్లాలో సైలెన్సర్ లేని బండ్లు తిప్పితే మాట పడేది మొత్తం జమాత్. షబే మెరాజ్, షబే బరాత్ రాత్రుల్లో హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేయాల్సి వస్తోందంటే కారణం వేరే చెప్పక్కర్లేదు. పక్కింట్లో బీపీ పేషెంటు ఉండొచ్చు, పసిబిడ్డ ఉండొచ్చు. హుఖూఖుల్ ఇబాద్ గురించి జుమా బయాన్‌లో వినేది ఇలాంటి చోటే అక్కరకు రావాలి.

సరదా తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. అక్కడికి కారును ట్రక్కు మీద తీసుకెళ్లాలి. మోటారు కటౌట్ కంటే బోల్టులతో బిగించే మూత చవక, చెడిపోయేదీ తక్కువ.

ఇప్పటికే రోడ్డు కారుకు పెట్టించినవాళ్లు రిమోట్ తీసి పక్కన పెట్టినంత మాత్రాన మార్పు పోయినట్టు కాదు. ఆ ముక్క కోయించి అసలు సైజు గొట్టం వెల్డ్ చేయించాలి. పాలసీ రెన్యువల్‌కు ముందే ఆ పని పూర్తిచేయడం మంచిది, ఎందుకంటే చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే సొంత కారు డ్యామేజీ క్లెయిమ్‌కు ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డు చెప్పొచ్చు.