ట్రాక్ కారుకు సరైన హార్నెస్
ట్రాక్ మీద కారు నడిపేటప్పుడు మనిషిని సీటులో కదలకుండా పట్టి ఉంచేది హార్నెస్. నాలుగు పట్టీల రకం చవకే. కానీ కారు గుద్దుకున్నప్పుడు భుజం పట్టీలు నడుం పట్టీని పైకి లాగుతాయి. శరీరం ఆ నడుం పట్టీ కిందనుంచి ముందుకు జారి, పట్టీ మెత్తని పొట్టలోకి దిగబడుతుంది. తొడల మధ్యనుంచి వచ్చే మరో రెండు పట్టీలు ఈ జారుడును ఆపుతాయి. అందుకే ఆరు పట్టీలదే కొనాలి. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ వారి 8853-2016 ప్రమాణం లేబుల్, దానిమీది గడువు సంవత్సరం చూసుకోవాలి.

అసలు సంగతంతా బిగింపులోనే ఉంది. నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ముందు దాన్ని గట్టిగా లాగి, ఆ తర్వాతే భుజాలవి బిగించాలి. భుజం పట్టీలు సీటు వెనక్కి దాదాపు అడ్డంగా వెళ్లాలి, కిందికి వాలు 10 డిగ్రీలు దాటకపోతే మేలు. కారు నేలమీది బోల్టులకు కట్టేస్తే దెబ్బ తగిలిన క్షణాన ఆ పట్టీలు వెన్నెముకను కిందికి నొక్కేస్తాయి. కారు బోల్తాపడితే పైకప్పు కుంగకుండా సీటు వెనక బిగించే లోహపు చట్రమైన రోల్ బార్‌కు చుట్టడమే సరైన పద్ధతి. రోల్ బార్ లేని కారులో హార్నెస్ వద్దు: బోల్తాపడి పైకప్పు కుంగితే హార్నెస్ మనిషిని పక్కకు ఒరగనివ్వదు.

మొండెం కదలకపోతే తల ఒక్కటే విసురుగా ముందుకు పోతుంది. 2001 డేటోనా 500 రేసులో అమెరికా రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడను గుద్దుకుని, పుర్రె అడుగుభాగం విరిగి మరణించారు. తల, మెడలను పట్టి ఉంచే పరికరాన్ని ఆ రేసులు నడిపే సంస్థ నాస్కార్ అదే ఏడాది తప్పనిసరి చేసింది. హార్నెస్‌తో పాటే దాన్నీ కొనాలి.