పవర్ కైట్‌కి లైన్ ఎంత పొడవు ఉండాలి?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. పవర్ కైట్‌కి లైన్లు ఎన్ని మీటర్లు ఉండాలి? 15 ఆ, 20 ఆ, 24 ఆ? రామేశ్వరం, ధనుష్కోడి వైపు కైట్‌సర్ఫింగ్ చూసొచ్చి నేర్చుకుందాం అనుకునేవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్రైనర్ కైట్ కొందాం అనుకునేవాళ్లు, ఇది మీకోసమే. కైట్ సైజు ఎంత అని అందరూ అడుగుతారు. లైన్ ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. కానీ అదే కైట్, అదే గాలి ఉన్నా, లైన్ మారిస్తే అది మిమ్మల్ని లాగే తీరు మారిపోతుంది.

ముందు ఒక తేడా చూద్దాం. సంక్రాంతికి పతంగి ఎగరేసేటప్పుడు దారం పొడవు మన చేతిలో ఉంటుంది. ఢీల్ ఇస్తాం, లాగుతాం, చరఖా తిప్పుతాం. పవర్ కైట్‌లో అది కుదరదు. చిన్న ట్రైనర్లకి రెండు లైన్లు, పెద్దవాటికి సాధారణంగా నాలుగు. అవి ముందే కొలిచి బార్‌కి కట్టేసి ఉంటాయి. కైట్ లేచాక పొడవు మార్చలేం. అంటే నిర్ణయం నేల మీదే తీసుకోవాలి.

కైట్ తిరిగే చోటు

గాలి మీ వీపుకి తగిలేలా నిలబడ్డారు అనుకోండి. మీ ముందు ఒక పెద్ద బంతిలో పావు భాగం ఉన్నట్టు ఊహించుకోండి. కైట్ ఆ బంతి పైతొక్క మీదే తిరుగుతుంది. దీన్నే విండ్ విండో అంటారు. మీ నెత్తి మీద, ఎడమ అంచున, కుడి అంచున లాగుడు తక్కువ. మీకు సూటిగా ఎదురుగా, కిందికి వచ్చేకొద్దీ లాగుడు ఎక్కువ. అదే పవర్ జోన్. ఆ బంతి వ్యాసార్థం ఎంత? మీ లైన్ పొడవే.

ఇప్పుడు చిన్న లెక్క. ఎడమ అంచు నుంచి నెత్తి మీదుగా కుడి అంచుకి వెళ్లే దారి అర్ధవృత్తం. 24 మీటర్ల లైన్‌కి అది దాదాపు 75 మీటర్లు. 12 మీటర్ల లైన్‌కి దాదాపు 38. కైట్ సెకనుకి 15 మీటర్ల వేగంతో పోతోంది అనుకుంటే, మొదటిదానికి 5 సెకన్లు, రెండోదానికి రెండున్నర.

దీని అర్థం ఏంటి? పొట్టి లైన్ మీద కైట్ చాలా చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి కైట్ మలుపు తిరిగే గుణం పెద్దగా మారలేదు, అది తిరిగే మైదానం చిన్నదైంది. ఆలోచించుకోవడానికి మీకు దొరికే టైమ్ కూడా సగమైంది.

ఇక లాగుడు సంగతి. గాలి లేని రోజు కూడా బండి మీద పోతుంటే ముఖానికి గాలి కొడుతుంది కదా? కైట్‌కీ అంతే. అది కదిలేకొద్దీ దానికి తగిలే గాలి పెరుగుతుంది. బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, గాలి ఒకటిన్నర రెట్లయితే లాగుడు రెండుంపావు రెట్లు అవుతుంది. పొడుగు లైన్ మీద కైట్ పరిగెత్తడానికి ఎక్కువ దారి ఉంటుంది, అందుకే ఆ లాగుడు ఎక్కువసేపు సాగుతుంది. పొట్టి లైన్ మీద ఒక కుదుపు ఇచ్చి అంచుకి చేరిపోతుంది.

పైన గాలి వేరు

నేల దగ్గర గాలి రాపిడి వల్ల నెమ్మదిస్తుంది. ఖాళీ మైదానాల్లో వాడే ఒక అంచనా సూత్రం ప్రకారం, 10 మీటర్ల ఎత్తు నుంచి 20 మీటర్లకి వెళ్తే గాలి సుమారు 10 శాతం పెరుగుతుంది. లాగుడు లెక్కలో అది 20 శాతం పైమాటే. గాలి తక్కువగా ఉన్న రోజు లైన్లకి ఎక్స్‌టెన్షన్ కట్టేది అందుకే. పైగా చెట్లు, గోడల వెనక గాలి సుడులు తిరుగుతుంది, పొడుగు లైన్ కైట్‌ని వాటికి కాస్త పైన ఉంచుతుంది.

మరి 50 మీటర్లు కట్టేస్తే పోలా? పోదు. లైన్ కూడా గాలిని అడ్డుకుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న లైన్లు నాలుగు, ఒక్కోటి 24 మీటర్లు. అన్నీ కలిపితే గాలికి అడ్డుపడే వైశాల్యం 0.14 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఒక కుర్చీ సీటంత. పొడవు రెట్టింపు చేస్తే ఇదీ రెట్టింపు. లైన్లు వంపు తిరుగుతాయి, మీరు బార్ లాగిన సంగతి కైట్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో పింగ్ పెరిగినట్టు అన్నమాట.

అయితే ఎంత పెట్టాలి?

రెండు మూడు చదరపు మీటర్ల ట్రైనర్ కైట్‌కి 15 నుంచి 20 మీటర్లు బాగుంటుంది. కైట్‌సర్ఫింగ్‌లో ఎక్కువమంది వాడేది 20 నుంచి 24. గాలి మరీ తక్కువైతే ఎక్స్‌టెన్షన్‌తో 27 దాకా వెళ్తారు. అలల మీద ఆడేవాళ్లు వేగంగా తిప్పుకోవాలి కాబట్టి పొట్టి వైపు మొగ్గుతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి వచ్చిన ఫార్ములా కైట్ లాంటి రేసుల్లో కూడా లైన్ల అడ్డు తగ్గించుకోవడానికి పొట్టివే ఇష్టపడతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. గాలి ఎక్కువగా ఉంది కదా అని పెద్ద కైట్‌కే లైన్లు తగ్గించి దిగకండి. ముందు కైట్ సైజు తగ్గించాలి. లైన్ పొడవు అనేది ఆ తర్వాత చేసే చిన్న సర్దుబాటు.

మీ దగ్గర ఎంత ఖాళీ ఉంది?

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. గాలి పోయే వైపు కనీసం రెండు లైన్ల పొడవు ఖాళీగా ఉండాలి. 24 మీటర్ల లైన్లకి అది దాదాపు 50 మీటర్లు. రెండు పక్కలా కూడా ఒక్కో లైన్ పొడవు కన్నా ఎక్కువే ఉండాలి. కొలవండి, అడుగులేసి చూడండి. అంత చోటు లేకపోతే లైన్ తగ్గించండి, లేదా ఇంటికెళ్లిపోండి.

మన తూర్పు తీరంలో మధ్యాహ్నం సముద్రం మీంచి నేల వైపు గాలి వీస్తుంటుంది. సూర్యలంకలోనో రుషికొండలోనో నిలబడితే ఆ గాలి మిమ్మల్ని ఎటు లాగుతుంది? చెట్ల వైపు, బండ్ల వైపు, కరెంటు తీగల వైపు, ఆదివారం పూట పిల్లల్ని తీసుకొచ్చిన కుటుంబాల వైపు. ఉప్పునీటిలో తడిసిన లైన్ తీగకి తగిలితే షాక్ కొడుతుంది. గాలి నేల మీంచి సముద్రం వైపు ఉందా, కొత్తవాళ్లు నీళ్లలోకి అసలు దిగొద్దు. తిరిగి రావడం కష్టం.

మాంజా మెడకి తగిలితే ఏమవుతుందో మనకి తెలుసు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాన్ మాంజాని దేశమంతా నిషేధించింది. పవర్ కైట్ లైన్‌కి గాజుపొడి ఉండదు, కానీ అది మనిషి బరువుని లాగుతూ బిగుసుకుని ఉంటుంది. అలాంటి లైన్‌ని చేత్తో పట్టుకోకండి, దాని దారిలో ఎవర్నీ నిలబడనివ్వకండి.

సెకండ్ హ్యాండ్ కొంటే

నాలుగు లైన్ల చివరలు ఒకే స్తంభానికి తగిలించి, బార్‌ని సమంగా లాగండి. నాలుగూ ఒకేలా బిగుసుకోవాలి. ఎక్కువ బరువు ముందు లైన్ల మీద పడుతుంది కాబట్టి వాడేకొద్దీ అవి సాగుతాయి. అప్పుడు వెనక లైన్లు పొట్టివైపోయి కైట్ వెనక్కి జారిపోతుంది. చివర్లో ఉండే ముడులతో దీన్ని సరిచేయొచ్చు. ఎక్స్‌టెన్షన్ వేస్తే నాలుగింటికీ ఒకే పొడవు వేయండి. పొడవు తగ్గించడానికి లైన్లని బార్ చుట్టూ చుట్టకండి. ప్రమాదంలో రిలీజ్ లాగినప్పుడు సేఫ్టీ లైన్ జారడానికి దారి ఉండదు.

కొత్తవాళ్లకి నా సలహా: చిన్న ట్రైనర్, 15 నుంచి 20 మీటర్ల లైన్, నేర్పేవాళ్లు ఒకరు పక్కన, గాలి పోయే వైపు ఎవరూ లేని చోటు. మీ ఊళ్లో అలాంటి మైదానం ఉంటే, దాని పొడవు, వెడల్పు అడుగులేసి కొలిచి కామెంట్‌లో పెట్టండి. అక్కడ ఎంత లైన్ సరిపోతుందో కలిసి లెక్కేద్దాం. ఉంటాను మరి.