చెవులు లేని పిల్లి

పాలను చూచి పారిపోయిన తెనాలి రామకృష్ణుని పిల్లిని ఎరుగని తెలుగువారు లేరు. ఎలుకను చూచి పారిపోవు పిల్లి ఒకటి జపాను దేశమున పుట్టినది. అది రక్తమాంసములు గల పిల్లి కాదు. ఇరువది రెండవ శతాబ్దమున ఒక కర్మాగారములో తయారైనట్లు కల్పింపబడిన యంత్రమార్జాలము. పేరు డోరేమాన్. నేడు మన ఇండ్లలోని పిల్లలు టెలివిజనులో దాని మాటలను తెలుగులోనే వినుచున్నారు. అది పుట్టిన వైనము మాత్రము పెద్దలు కూడ వినదగినది.

దాని సృష్టికర్త హిరోషి ఫుజిమోతో 1933లో తకఓకా పట్టణమున జన్మించినారు. బాల్యమిత్రుడైన మోతో అబికోతో కలిసి ‘ఫుజికో ఫుజియో’ అను ఉమ్మడి కలంపేరుతో బొమ్మల కథలు వెలువరించినారు. 1969 చివరి నెలలలో షోగాకుకాన్ ప్రచురణసంస్థ వారి బాలల పత్రికలకు ఒక కొత్త ధారావాహిక వ్రాయుటకు ఆయన ఒప్పుకొన్నారు. ప్రకటన ముందే అచ్చయినది. అందులో ఉన్నది ఒక బాలుడు, ఒక వ్రాతబల్ల, తెరచుకొన్న దాని సొరుగు. సొరుగులోనుండి వచ్చునది ఏమిటో ప్రకటన చెప్పలేదు. చెప్పవలసిన రచయితకే అది తెలియదు!

గడువు మీదికి వచ్చినది. ఆలోచన కొరకు కూర్చున్న మనిషి, ఇంటికి వచ్చిన పిల్లి ఒంటిమీది పేలు ఏరుచు ప్రొద్దుపుచ్చినాడట. అలసి నిద్రపోయి, తెల్లవారిన పిదప ఉలికిపడి పరుగెత్తుచు కూతురి ఆటబొమ్మను తట్టుకొన్నాడట. అది పడద్రోసినను లేచి నిలుచు గుండ్రని బొమ్మ. పిల్లియు, ఆ బొమ్మయు ఆయన మనస్సులో ఒక్కటైనవి. ఈ ముచ్చటను తరువాత ఆయనే బొమ్మల కథగా గీసినారు గనుక, నవ్వించుటకై కొంత చేర్చియుండవచ్చును. పేరులోని ‘డోరా’ జపాను భాషలో వీధిపిల్లిని తెలుపు మాటలోని ముక్క. ‘ఎమాన్’ అనునది పాతకాలపు మగవారి పేర్ల చివర వచ్చునది. మన ‘అయ్య’, ‘అప్ప’ వంటిదనుకొనవచ్చును. 1970 జనవరి సంచికలతో ఆరు పత్రికలలో ఒక్కసారిగా కథ ఆరంభమైనది. చదువరుల వయస్సును బట్టి తొలికథను వేరువేరుగా గీయుట ఆయన ఓపికకు నిదర్శనము.

యంత్రజాతిని కల్పించువారు సాధారణముగా దానికి బలమును, వేగమును, తప్పని లెక్కను ఇత్తురు. ఫుజిమోతో గారు లోపములను ఇచ్చినారు. పిల్లలను సాకుటకై కర్మాగారములో తయారైన పిల్లి యంత్రములలో డోరేమాన్ ఒకటి. పుట్టినదినము 2112 సెప్టెంబరు 3. మొదట పసుపువన్నె కలది. ఒక ఎలుక చెవులు కొరికివేయగా, ఆ దుఃఖములో వన్నె పోయి నీలముగా మిగిలినది. అప్పటినుండి ఎలుక పేరు వినిన గడగడలాడును. చెవులు లేకుండుటచే దారిని పోవువారు దానిని మరియొక జంతువుగా పొరబడుదురు. ‘నేను పిల్లిని’ అని అది కోపముతో మొత్తుకొనును. మెడలోని గంట తక్కిన పిల్లులను పిలువవలసినది, అదియును చెడినది. చేతులకు వ్రేళ్లు లేవు. రాయి, కాగితము, కత్తెర ఆటలో దానికి చేతనైనది రాయి ఒక్కటే.

చెల్లెలు డోరామీ సంగతి ఇంకను చమత్కారము. ఇద్దరికిని ఒకే డబ్బాలోని నూనె పోసినారట. సారమంతయు అడుగున దిగియుండుటచే, తరువాత పుట్టిన చెల్లెలు అన్నను మించిన సమర్థురాలైనది. యంత్రములకు రక్తసంబంధమును ఇంత తేలికగా కుదిర్చిన కల్పన అరుదు.

ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు 129.3 కిలోగ్రాములు. ఆనాటి జపాను నాలుగవ తరగతి పిల్లల సగటు ఎత్తు అదేనని చెప్పుదురు. నోబితాను పైనుండి చూచి శాసించు యంత్రము కాక, సమానముగా నిలిచి చూచు నేస్తమైనది.

నోబితా చదువులోను, ఆటలోను వెనుకబడిన పిల్లవాడు. వాని తప్పిదములవలన పుట్టిన అప్పులు మునిమనుమల కాలమునకును తీరవు. అందుకే మునిమనుమని కొడుకైన సెవాషి ఈ పిల్లిని గతమునకు పంపినాడు. దాని పొట్టమీది జేబులోనుండి వింత పరికరములు ఎన్నియో వచ్చును. చాలమంది ఈ కథలకు ప్రాణము ఆ జేబే అందురు. అది పొరబాటు. పరికరము చేతికి వచ్చిన వెంటనే నోబితా దానిని దుర్వినియోగపరచును. కథ అక్కడ మొదలగును. చెడిన యంత్రమునకు చేతకాని పిల్లవాడు తోడైనాడు. ప్రాణమున్నది ఆ జంటలో.

1974 మార్చిలో మూడవ తరగతి పిల్లల పత్రికలో ఫుజిమోతో గారు వీడ్కోలు కథ గీసినారు. పిల్లి భవిష్యత్తునకు మరలిపోవలెను. ఆ రాత్రి వీధిలో నోబితాకు బలశాలి జియాన్ ఎదురుపడి కొట్టసాగినాడు. కేక వేసిన డోరేమాన్ వచ్చును, వాడు వేయలేదు. తానొక్కడే గెలువనిదే నేస్తము నిశ్చింతగా పోలేదని వాని పట్టుదల. పడి, లేచి, మరల పడి, జియాన్‌కే విసుగు పుట్టువరకు విడువలేదు. డోరేమాన్ వానిని ఇంటికి మోసికొనివచ్చి, రాత్రియంతయు ప్రక్కన కూర్చున్నది. తెల్లవారుసరికి గది ఖాళీ. 

ఏప్రిలులో ఆ పిల్లలే పై తరగతికి పోయినారు. నాలుగవ తరగతి పత్రిక తెరచిచూడగా పిల్లి మరల ఉన్నది! ఏప్రిలు ఒకటవ తేదీన, డోరేమాన్ వచ్చినదని జియాన్ అబద్ధమాడి నోబితాను ఏడిపించును. పిల్లి విడిచిపోయిన పెట్టెలో, పలికిన మాటనెల్ల అబద్ధము చేయు మందొకటి ఉన్నది. దానిని త్రాగిన నోబితా, డోరేమాన్ ఇక రాదని ఏడ్చుచు అనును. ఆ మాట అబద్ధమైనది.

సంపుటములు నలుబదియైదు వచ్చినవి. 2008లో జపాను విదేశాంగశాఖ ఈ పిల్లిని తమ సాంస్కృతిక రాయబారిగా కూడ నియమించినది. ఫుజిమోతో గారు అది చూడలేదు. 1996 సెప్టెంబరులో, మరబొమ్మల నగరమునకు నోబితా పోవు దీర్ఘకథ సగములో నుండగా ఆయన కన్నుమూసినారు. మిగిలిన పుటలను సహాయకులు గీసినారు.