జప్తు, జామీను, ఒక సంతకం

ఊర్లో తప్పెట కొట్టి చాటింపు వేశారు. కోర్టు అమీనా వచ్చి చేని దగ్గర ఒక కాగితం అంటించి పోయాడు. అది చూసి ఆ ఇంటి ఆడమనిషి కూలబడింది. "మా భూమి పోయింది అక్కా" అని ఏడ్చింది.

భూమి పోలేదు. ఆ కాగితం సంగతి తెలుసుకుందాం.

మన అనంతపురం సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ వేళకు రాదు. శెనక్కాయ విత్తనాలకు అప్పు, మందులకు అప్పు. పంట ఎండితే ప్రోనోటు మిగులుతుంది. అప్పిచ్చినాయన దావా వేస్తాడు. "తీర్పు వచ్చేలోగా వీళ్లు భూమి అమ్మేస్తారు, నా బాకీ రాదు" అంటాడు. కోర్టు ఆ మాట నమ్మితే, తీర్పుకు ముందే భూమిని జప్తు చేయవచ్చు.

జప్తు అయిన భూమిని అమ్మరాదు, కుదువ పెట్టరాదు, ఎవరికీ రాసి ఇవ్వరాదు. కానీ మామూలుగా భూమి మీ చేతిలోనే ఉంటుంది. దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. రైతు దగ్గర ఉన్న పంటను మాత్రం తీర్పుకు ముందు జప్తు చేయకూడదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అనే చట్టంలో ఈ మాట ఉంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, తాళిబొట్టు తీర్పు తర్వాత కూడా జప్తు చేయకూడదని అదే చట్టం చెప్తుంది.

మరి జప్తు తీసేయించడం ఎట్లా? బాకీ మొత్తానికి, జప్తు ఖర్చులకు కోర్టు అడిగినంత జామీను ఇవ్వాలి. ఆస్తి ఉన్న మనిషి ఒకరు బాండు రాసి ఇస్తారు. కోర్టు ఒప్పుకుంటే జప్తు ఎత్తేస్తుంది. అసలు కోర్టు మొదట నోటీసు పంపుతుంది: జామీను ఇవ్వండి, లేదా ఎందుకు ఇవ్వరో వచ్చి చెప్పండి అని. ఆ నోటీసును చూరులో చెక్కి మరిచిపోతేనే చిక్కు.

ఇంక జామీను ఇచ్చే మనిషి సంగతి. "వదినా, ఒక్క సంతకం పెట్టు సాలు, నీకేం కాదు" అంటారు. అవుతుంది. దావా ఓడి, బాకీదారు కట్టకపోతే, బాండులో రాసిన మొత్తం వరకు మీరే కట్టాలి. మీ మీద వేరే దావా కూడా వేయనక్కర లేదు. నోటీసు ఇచ్చి అదే కోర్టులో వసూలుకు రావచ్చు. "ముందు వాళ్లను అడగండి" అంటే మామూలుగా చెల్లదు. కట్టిన తర్వాత ఆ డబ్బు బాకీదారు దగ్గర రాబట్టుకునే హక్కు మీకు ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం ఆ హక్కు ఇచ్చింది. కానీ ఎండిన చేనున్న మనిషి దగ్గర ఏం రాబడతాం?

కాబట్టి బాండులో ఎంత మొత్తం రాశారో అంకెల్లోనూ, అక్షరాల్లోనూ మీరే చదవాలి. మీ భూమి సర్వే నంబరు అందులో ఉందా చూడాలి. కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివించి, తెలుగులో చెప్పించుకోవాలి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం వద్దు, అడిగింది సొంత తమ్ముడైనా సరే.

ఇంకో చిక్కు ఉంది. మగని బాకీకి నాలుగెకరాలు జప్తు చేశారనుకోండి. అందులో రెండెకరాలు భార్యకు పుట్టింటివాళ్లు ఆమె పేర రాసి ఇచ్చినవి. ఆ రెండెకరాలకు ఆమె జామీను వెదకనక్కర లేదు. "ఇది నాది" అని అదే కోర్టులో క్లెయిము పిటిషను వేయాలి. దస్తావేజు, పాసుపుస్తకం, శిస్తు రశీదు చూపాలి. కోర్టు విచారించి తేలుస్తుంది. భూమి వేలం అయ్యాక వేస్తే, కావాలని ఆలస్యం చేస్తే ఆ పిటిషను తీసుకోరు. కోర్టు కాదంటే పై కోర్టుకు అప్పీలు ఉంది.

వకీలుకు డబ్బు లేదా? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు. ఆదాయం ఎంతని అడగరు. అనంతపురం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడ అర్జీ ఇవ్వాలి.

దావా కొట్టేసినా, బాకీ తీరినా, జప్తు ఎత్తేసిన ఆర్డరు నకలు అడిగి తీసుకోండి. జామీనుకు భూమి రాసి ఇచ్చి ఉంటే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, ఆ భారం తొలగిందో లేదో చూసుకోండి.